బికినీ దీవుల్లో ఓడలు కడిగిన నావికులు: ఆ పెద్దాయన మాట నమ్మవచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్న తెలుగు అమ్మాయి రాశారు. వాళ్ల దగ్గర ఉంటున్న 97 ఏళ్లు దాటిన ఒక పెద్దాయన 1946లో అమెరికా నేవీలో ఇంజిన్ రూము కుర్రవాడట. "అణుబాంబు పేలడం చూశాం, తర్వాత చీపుళ్లిచ్చి ఓడలు కడగమన్నారు, ఆ నీళ్లతోనే మా ఓడ నడిపాం" అంటుంటాడట. పిల్లలేమో వయసు మీద పడి ఏదో అంటున్నాడని కొట్టిపారేస్తున్నారు. ఇప్పుడాయనకు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సర్. అసలు ఇలా జరిగిందా, జబ్బుకూ దానికీ సంబంధం ఉందా, ఇంత ఆలస్యంగా చేయగలిగింది ఏమైనా ఉందా?

అమ్మా, జరిగింది. ఆయన చెప్పేది నిజమయ్యే అవకాశమే చాలా ఎక్కువ. నన్ను బాగా నమ్మించింది ఆ నీళ్ల మాట. ఊరికే కల్పించి చెప్పేవాళ్లు మంట గురించి, పెద్ద మబ్బు గురించి చెప్తారు. ఓడ నీళ్ల గురించి ఇంజిన్ రూములో చెమటోడ్చినవాడే చెప్తాడు.

నా గురించి ఒక్క ముక్క. విశాఖలో మొదలుపెట్టి ఉద్యోగమంతా ఓడల ఇంజిన్ రూముల్లోనే గడిపినవాణ్ణి. డాక్టర్ని కాను, అమెరికా లాయర్ని అంతకన్నా కాను. కానీ ఈ పరీక్షల మీద అమెరికా ప్రభుత్వం తర్వాత బయటపెట్టిన నివేదికలు శ్రద్ధగా చదివాను. వాటిలో పెద్ద భాగం మేం రోజూ చేసే పనుల గురించే ఉంటుంది మరి.

ఆయన చెప్తున్నది ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ అయి ఉండాలి. 1946 జులై, పసిఫిక్‌లో మార్షల్ దీవుల్లోని బికినీ. హిరోషిమా జరిగి ఇంకా ఏడాది కాలేదు. అణుబాంబు వచ్చాక ఇక యుద్ధనౌకలతో పనేముంది, నేవీకి ఇంత డబ్బెందుకు అని అమెరికాలో కొందరు గట్టిగానే అడుగుతున్నారు. తేల్చుకుందామని 90కి పైగా ఓడలను అక్కడి లగూన్‌లో, అంటే దీవుల వలయం మధ్య ఉండే సముద్రపు మడుగులో, లంగరేసి నిలబెట్టారు. కొన్ని తమ పాత ఓడలే, కొన్ని జపాన్ నుంచి, జర్మనీ నుంచి పట్టుకున్నవి. వైస్ అడ్మిరల్ బ్లాండీ చేతి కింద దాదాపు 42,000 మంది పనిచేశారు, అందులో అత్యధికులు నేవీవాళ్లే. తరతరాలుగా అక్కడే ఉంటున్న 167 మంది బికినీ వాసులను ఆ మార్చిలోనే రాంగెరిక్ అనే దీవికి తరలించారు. వాళ్లకు జరిగిన అన్యాయం ఇంతకన్నా పెద్దది. అది వేరే సమాధానంలో రాయాల్సిన సంగతి.

జులై 1న మొదటి బాంబు. దాని పేరు ఏబుల్. బి-29 విమానం నుంచి వేశారు. గురి స్పష్టంగా కనిపించాలని నెవాడా అనే యుద్ధనౌకకు ఎర్రటి నారింజ రంగు పూసి పెట్టారు. అయినా బాంబు 600 మీటర్లకు పైగా పక్కకు పోయి, నీటికి 158 మీటర్ల ఎత్తున పేలింది. ఐదు ఓడలు మునిగాయి. మైళ్ల దూరంలో ఉన్న సహాయక ఓడల మీద మామూలు నావికులకు నల్ల అద్దాలు అందలేదు. వీపు అటు తిప్పి, చేత్తో కళ్లు మూసుకోవాలి, అదీ ఆర్డరు. చూసినవాళ్లలో చాలామందికి "ఇంతేనా" అనిపించింది. గాలిలో పేలడంతో రేడియోధార్మిక పదార్థం ఎక్కువ భాగం మబ్బుతో పాటు పైకి వెళ్లిపోయింది. ఒకటి రెండు రోజుల్లో సిబ్బంది చాలా ఓడల మీదికి తిరిగి ఎక్కేశారు.

నన్నడిగితే సగం నష్టం ఆ ధీమా వల్లే జరిగింది. ఏబుల్ అంత తేలిగ్గా గడిచిపోకపోతే తర్వాత జరిగినదానికి కెప్టెన్లు కాస్తయినా భయపడేవాళ్లు.

జులై 25న రెండోది, బేకర్. ఇది కూడా దాదాపు అంతే శక్తి, 23 కిలోటన్నుల లెక్క, అంటే 23 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు మందుతో సమానం. కానీ ఈసారి బాంబును ఒక చిన్న ఓడ కింద వేలాడదీసి, 27 మీటర్ల లోతున నీటిలో పేల్చారు. ఆ చిన్న ఓడ తునాతునకలైపోయింది. దాదాపు 20 లక్షల టన్నుల నీరు స్తంభంలా లేచి, వెంటనే కూలింది. అది కూలినప్పుడు పుట్టిన తుంపర మబ్బు నీటి మీద పాకుతూ ఓడలన్నింటినీ ముంచెత్తింది. గాలిలోకి ఎగిరిపోవాల్సిన విషమంతా ఇప్పుడు లగూన్ నీటిలో కలిసింది, ఓడల డెక్కుల మీద, తాళ్ల మీద, రంగు పగుళ్లలో, తుప్పులో దిగింది. విమానవాహక నౌక సరటోగాను తీరానికి లాగి కాపాడదామనుకున్నారు. రేడియేషన్ ఎక్కువై టగ్గులు దగ్గరికి పోలేకపోయాయి, ఏడున్నర గంటల్లో అది మునిగింది. పెర్ల్ హార్బర్ దాడి నాటికి జపాన్ అడ్మిరల్ యమమోటో జెండా ఎగిరిన జపాన్ నౌక నగాటో నాలుగైదు రోజులు తేలి, ఒక రాత్రి ఎవరూ చూడకుండా అడుగుకు పోయింది.

నీటి అడుగున పేలిస్తే ఓడలు ఇలా తడిసిపోతాయని, కడిగినా వదలదని ముందే హెచ్చరించిన శాస్త్రవేత్తలున్నారు. అయినా కడగడానికి సిద్ధం చేసుకున్న పద్ధతి అంటూ ఏదీ లేదు. అందుకే నావికుడికి తెలిసిన పద్ధతే వాడారు. ముందు దూరం నుంచి మంటలార్పే పడవల గొట్టాలతో నీళ్లు కొట్టారు. ఏ నీళ్లు? ఆ లగూన్ నీళ్లే. తర్వాత మనుషులను ఎక్కించి సబ్బు, కాస్టిక్, నురుగు, బ్రష్షు, చీపురు. ప్రింజ్ యూజెన్ అనే జర్మన్ క్రూయిజర్ డెక్కు మీద కుర్రాళ్లు పొడుగు చీపుళ్లతో తోముతున్న ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని ఆయన పిల్లలకు చూపించండి. నేను మాటల్లో చెప్పడం కన్నా బాగా పనిచేస్తుంది. ఒంటి మీద మామూలు పని బట్టలే ఉంటాయి, ముక్కుకు గుడ్డ కూడా కనపడదు. అణుబాంబు తయారుచేసిన మన్హాటన్ ప్రాజెక్టు నుంచి వచ్చిన కల్నల్ స్టాఫర్డ్ వారెన్ భద్రతా విభాగానికి పెద్ద. ఆయన మనుషులు కొలిచి "ఈ ఓడ మీద ఇంతసేపే" అంటే, కంటికి కనపడనిదానికి భయపడతారేంటని ఓడల అధికారులు విసుక్కునేవాళ్లు. తమ ఓడ తమకు మళ్లీ కావాలన్న ఆత్రం వాళ్లది. అది నాకు అర్థమవుతుంది, సమర్థించలేను.

అప్పుడు పెట్టుకున్న పరిమితి రోజుకు 0.1 రాంట్‌జెన్ (రేడియేషన్‌ను కొలిచే అప్పటి కొలత). చిన్న అంకెలా ఉంది కదా. లెక్కేయండి: అమెరికాలో ఇప్పుడు రేడియేషన్ పనివాళ్లకు ఏడాది మొత్తానికి అనుమతించే మోతాదు అలా 50 రోజుల్లో నిండిపోతుంది. మన దేశంలో అణు భద్రత చూసే ఏఈఆర్‌బీ పెట్టిన సగటు పరిమితి ప్రకారమైతే 20 రోజులు చాలు. ఎవరికి ఎంత తగిలిందో చెప్పాల్సిన ఫిల్మ్ బ్యాడ్జీలు మొత్తం సిబ్బందిలో ఏ 15 శాతం మందికో ఇచ్చారు. మీ పెద్దాయన "నాకేం బ్యాడ్జీ ఇవ్వలేదు" అంటే అది అబద్ధమనడానికి వీల్లేదు. ఇవ్వనివాళ్లే ఎక్కువ.

ఇంకో చిక్కు ప్లుటోనియం, అంటే ఆ బాంబులో పేలే అసలు పదార్థం. అలాంటి బాంబులో 6 కిలోలకు పైగా ప్లుటోనియం ఉంటే, పేలుడులో ఖర్చయ్యేది ఐదో వంతు. మిగతా 5 కిలోలు పొడిపొడిగా నీటిలో, ఓడల మీద పడ్డట్టే. అది వదిలే రేడియేషన్, ఆల్ఫా కణాలంటారు, ఫిల్మ్ బ్యాడ్జీకి దొరకదు, రేడియేషన్ కొలవడానికి అప్పట్లో డెక్కు మీద తిప్పిన గీగర్ మీటర్లకూ దొరకదు. చర్మం మీద పడితే కడిగేస్తే పోతుంది. ఒంటి లోపలికి పోతేనే ప్రమాదం, ముఖ్యంగా ఊపిరితో. ఆగస్టులో వారెన్ బృందం లగూన్‌లో పట్టిన ఒక చేపను ఫొటో ఫిల్ము మీద పెట్టి ఉంచితే, చేప తన ఒంట్లోని రేడియేషన్‌తో తన బొమ్మ తానే వేసుకుంది. ఆగస్టు 10న వారెన్ ఆ బొమ్మ తీసుకెళ్లి బ్లాండీ ముందు పెట్టారు. అడ్మిరల్ అదే రోజు కడగడం ఆపించారు. లోతు నీటిలో చేయాలనుకున్న మూడో పరీక్షను కూడా ఆ తర్వాత పక్కన పెట్టేశారు. అంటే బేకర్ తర్వాత రెండు వారాలకు పైగా కుర్రాళ్లు ఆ ఓడలు తోముతూనే ఉన్నారు.

ఇప్పుడు నాకు తెలిసిన సంగతికి వస్తాను. కడిగిన ఓడల గురించి అందరూ రాస్తారు. వాళ్లు కాపురమున్న ఓడల గురించి తక్కువమంది రాస్తారు.

నడిసముద్రంలో ఓడకు మంచినీళ్లు సముద్రం నుంచే రావాలి. ఉప్పునీటిని ఎవాపరేటర్‌లో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి నీళ్లు చేస్తాం. ఆవిరితో నడిచే ఆనాటి ఓడల్లో ముందు బాయిలర్లకు పోయాలి, తర్వాతే తాగడానికి, వంటకు, స్నానానికి. బేకర్ తర్వాత సహాయక ఓడలు అదే లగూన్‌లోకి తిరిగొచ్చి లంగరేశాయి. తాగిన నీళ్లే చంపాయని ఇంటర్నెట్‌లో రాసేవాళ్లున్నారు. అది పూర్తిగా సరికాదు. ఆవిరైన నీటితో ఉప్పు రానట్టే ఆ పదార్థాలు కూడా చాలామటుకు పైకి రావు. చిక్కంతా వెనక మిగిలిపోయినదానితో.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ విప్పితే రాడ్డు మీద తెల్లగా సున్నంలా పేరుకుని ఉంటుంది చూడండి, ఎవాపరేటర్ గొట్టాల మీద కూడా అదే పేరుకుంటుంది. మేం స్కేల్ అంటాం. స్కేల్ పెరిగితే వేడి ఎక్కదు, నీళ్ల ఉత్పత్తి పడిపోతుంది, చీఫ్ ఇంజనీరు కేకలు మొదలవుతాయి. అప్పుడు యంత్రం ఆపి, మూత విప్పి, లోపలికి వంగి సుత్తితో కొట్టాలి, గీకాలి, వైరు బ్రష్షుతో రుద్దాలి. ఆ పని ఎప్పుడూ కొత్త కుర్రాళ్ల నెత్తినే పడుతుంది. ఉడికిపోయే వేడి, ఇరుకు, ముక్కులో నోట్లో పొడి. మాకు అది విసుగు పని, అంతే. ఎందుకంటే మా స్కేల్ మామూలు సముద్రంలో తయారైంది. వాళ్లది బికినీ లగూన్ నీటిలో తయారైంది. టన్నులకొద్దీ నీటిలో పలచగా ఉన్న పదార్థం ఆ గొట్టాల మీద చిక్కగా చేరింది. నివేదికల్లో ఈ ఎవాపరేటర్ల సంగతి పదేపదే వస్తుంది. ఆవిరిని చల్లార్చే కండెన్సర్లు, మంటలార్పే నీళ్లు పారే ఫైర్ మెయిన్లు, ఉప్పునీరు పారే ప్రతి గొట్టానిదీ ఇదే కథ. ఓడ బయట అడుగున పట్టే నాచు, గుల్లలు కూడా పీల్చుకున్నాయి. దాంతో నీటి మట్టం కింద లోపలి గోడల దగ్గర మీటరు ముల్లు కదిలేది. ఇంజిన్ రూము ఉండేది అక్కడే.

ఇలా విషం అంటుకున్న ఓడలకు తర్వాత ఒక్కొక్కదానికి రేడియేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సి వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ వంటి నేవీ యార్డుల్లో నీళ్లు తోడేసిన డ్రై డాక్ ఎక్కించి అడుగు గీకారు, గొట్టాల్లో ఆమ్లం తిప్పి కడిగారు. గురిగా పెట్టిన ఓడల్లో ఓ పన్నెండు మాత్రం సొంత సిబ్బందితో వెనక్కి నడిచాయి. మిగతావాటిలో చాలావాటిని పరిశీలించి చివరికి సముద్రంలోనే ముంచేశారు. రెండు బాంబులు తట్టుకున్న నెవాడాను 1948లో హవాయి దగ్గర తామే కాల్చి ముంచుకున్నారు. ప్రింజ్ యూజెన్‌కు చిన్న లీకు వస్తే, రేడియేషన్ వల్ల ఎవరూ దిగి బాగుచేయలేక, 1946 డిసెంబరులో మార్షల్ దీవుల్లోనే ఉన్న క్వాజలీన్ దగ్గర బోర్లాపడింది. ఇప్పటికీ దాని ప్రొపెల్లర్ నీటి పైకి కనిపిస్తుంది.

తర్వాతి కాలంలో నేవీలు కొంత నేర్చుకున్నాయి. డెక్కు మీద ఎడతెగకుండా నీళ్లు చిమ్మే ఏర్పాటు, తలుపులు బిగించి అందరూ కిందికి పోవడం, ఇవన్నీ బికినీ తర్వాతే వచ్చాయి. అయినా 1954 మార్చి 1న అమెరికా చేసిన బ్రావో అనే బాంబు పరీక్షలో అంచనా తప్పి 15 మెగాటన్నులు పేలినప్పుడు అమెరికా ఓడల మీద బూడిద కురిసింది. ఆ బూడిదే జపాన్ చేపల పడవ లక్కీ డ్రాగన్ మీదా పడి, ఆ పడవ రేడియో ఆపరేటర్ ఆరు నెలల తర్వాత చనిపోయాడు. బ్రిటిష్ వాళ్లు 1952లో ఆస్ట్రేలియా పక్కన తమ మొదటి బాంబును ప్లిమ్ అనే యుద్ధనౌక పొట్టలోనే పెట్టి పేల్చారు. 1956లో డయానా అనే డెస్ట్రాయర్‌ను కావాలనే తర్వాతి పరీక్షల రేడియోధార్మిక మబ్బు గుండా నడిపించారు, ఏమవుతుందో చూద్దామని. మనుషులతో సహా.

ఇక జబ్బు సంగతి. ఇక్కడ మీకు నచ్చని సమాధానం చెప్పాలి. ఆయన మైలోమా బికినీ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ నిరూపించలేడు, కాదనీ నిరూపించలేడు. 97 ఏళ్ల వయసే ఆ జబ్బుకు ఒక కారణం. అమెరికాలో 1996లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. క్రాస్‌రోడ్స్‌లో ఉన్న దాదాపు 40,000 మంది నేవీవాళ్లను, అలాంటి వయసూ ఉద్యోగమూ ఉండి అక్కడికి వెళ్లనివాళ్లతో పోల్చారు. వెళ్లినవాళ్లలో మరణాలు 4.6 శాతం ఎక్కువ. కానీ రేడియేషన్‌కు ముందుగా స్పందించే రక్త క్యాన్సర్ లుకేమియాలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి ఆ అదనపు మరణాలకు రేడియేషనే కారణమని వాళ్లు తేల్చలేదు. అలాగని నేను దాన్ని చేతులు దులుపుకునే సాక్ష్యంగా తీసుకోను. ఎవరు ఎంత పీల్చారో కొలిచిన లెక్కే లేనప్పుడు, తోమినవాణ్ణీ దూరం నుంచి చూసినవాణ్ణీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే తోమినవాడి నష్టం అందులో కరిగిపోతుంది. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏవో సంస్థ 1985లోనే ఇదే అంది: బ్యాడ్జీల లెక్క నమ్మదగినంతగా లేదు, మనుషుల ఒంటిని శుభ్రం చేసిన తీరు, లోపలికి పోయినదాని అంచనా సరిచూడాలి అని.

మీకు పనికొచ్చే మాట ఏమిటంటే, నిరూపించాల్సిన అవసరమే చట్టం తీసేసింది. 1988లో వచ్చిన చట్టం ప్రకారం, ఫలానా పరీక్షలో ఉన్నట్టు తేలి, జాబితాలోని క్యాన్సర్ వస్తే, కారణం అదేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. మొదట 13 రకాలు, ఇప్పుడు 21. మల్టిపుల్ మైలోమా మొదటి జాబితాలోనే ఉంది. అదే ప్రోస్టేట్ క్యాన్సర్ అయితే ఆ జాబితాలో లేదు, మోతాదు లెక్కల తిప్పలు పడాలి. ఇది వెటరన్స్ వ్యవహారాల శాఖ, అంటే వీఏ ఇచ్చే పింఛను దారి. భార్య ఉంటే ఆయన తర్వాత ఆమెకూ హక్కుంటుంది.

రెండో దారి రెకా అనే, రేడియేషన్ బాధితుల పరిహార చట్టం, న్యాయశాఖ నడుపుతుంది. అది 2024 జూన్‌లో గడువు తీరి ఆగిపోయింది, 2025 జులైలో మళ్లీ తెచ్చారు. పరీక్షల్లో పాల్గొన్నవాళ్లకు ఇచ్చే మొత్తం 75,000 నుంచి లక్ష డాలర్లకు పెరిగింది. దరఖాస్తుకు చివరి తేదీ 2027 డిసెంబరు 31. అదే జబ్బుకు వీఏ నుంచి డబ్బు వస్తుంటే దీనిలో కోత పడే నిబంధన ఉంది కాబట్టి, ఏది ముందు వేయాలన్నది ఆ కౌంటీలోని వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ దగ్గర కూర్చుని తేల్చుకోమనండి. ఆ సాయం ఉచితం. లాయర్లు ఎవరైనా పెద్ద వాటా అడిగితే పంపించేయమనండి. కొత్త రెకా దరఖాస్తుకు 2 శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలోనే ఉంది.

"80 ఏళ్ల కిందటి కాగితాలు ఎక్కడ దొరుకుతాయి" అని పిల్లలు టెన్షన్ పడతారు. 1973లో సెయింట్ లూయిస్ రికార్డుల భవనంలో అగ్నిప్రమాదం జరిగి లక్షలాది ఫైళ్లు కాలిపోయిన మాట నిజమే. కాలినవి ఆర్మీవి, ఎయిర్ ఫోర్స్‌వి. నేవీ ఫైళ్లు దాదాపు క్షేమంగానే ఉన్నాయి. ఆయన సర్వీసు ఫైలు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. దానితో పాటు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓడల డెక్ లాగ్‌లు, సిబ్బంది హాజరు పట్టీలు ఉన్నాయి. ఏ రోజు ఏ ఓడ లగూన్‌లో ఉందో లాగ్ చెప్తుంది, ఆయన ఆ ఓడలో ఉన్నాడని పట్టీ చెప్తుంది. పాల్గొన్నట్టు ధ్రువీకరించడానికి రక్షణశాఖలో ఎన్‌టీపీఆర్ అనే విభాగమే ఉంది. ఆయన ఇన్నాళ్లు మాట్లాడకపోవడానికి రహస్య ప్రమాణం భయం కారణమైతే, ఆ నిర్బంధాన్ని 1996లో ఎత్తేశారని ఆయనకు చెప్పండి.

మీరు నర్సు కాబట్టి దరఖాస్తులో మీరు దూరకండి. కుటుంబంలో సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లు చేయాలి. ఆయన పేరు, వివరాలు ఇక్కడ రాయకపోవడం మంచి పని. మీరు చేయగలిగింది ఒకటుంది: ఆయన హుషారుగా ఉన్న పూట పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి అడిగించండి. ఓడ పేరు, దాని నంబరు, ఏ విభాగం, పై అధికారి ఎవరు, బేకర్ తర్వాత లగూన్‌లోకి ఎప్పుడు తిరిగొచ్చారు, ఏయే ఓడల మీద ఎక్కారు, ఎవాపరేటర్ ఎప్పుడు విప్పారు. సూటిగా తేదీలు అడిగితే గుర్తు రావు. పని గురించి అడిగితే వాటంతటవే బయటికొస్తాయి. తిరిగొచ్చాక ఏ షిప్‌యార్డులోనైనా ఆ ఓడలు శుభ్రం చేశాడేమో కూడా తప్పకుండా అడగమనండి. క్రాస్‌రోడ్స్ ఓడలను యార్డుల్లో కడిగిన డ్యూటీని కూడా వీఏ నిబంధనలు పాల్గొన్నట్టే లెక్కిస్తాయి, మనిషి బికినీ ముఖం చూడకపోయినా సరే.